వరుసలో చోటు: మార్లన్ గ్రీన్ దరఖాస్తు

అమెరికాలో వైద్యుడు ఒక ఆసుపత్రి వదిలి మరో ఆసుపత్రిలో చేరితే, గడించిన అనుభవం అతనితోపాటే వెళుతుంది. పెద్ద విమానసంస్థల పైలట్‌కు ఆ వెసులుబాటు లేదు. చేరిన తేదీని బట్టి అతనికి ఒక సీనియారిటీ సంఖ్య దక్కుతుంది. ఏ విమానం నడపాలి, ఏ నగరం నుంచి బయలుదేరాలి, పండుగనాడు ఇంట్లో ఉండవచ్చునా, కెప్టెన్ ఎప్పటికి కాగలడు అన్నవాటిని ప్రధానంగా ఆ సంఖ్యే తేలుస్తుంది. సంస్థ మారితే ఇరవై ఏళ్ళ అనుభవమున్నా సాధారణంగా జాబితా చివర చేరవలసిందే. గ్రీన్‌కార్డు కోసం నిరీక్షించేవారికి పిటిషన్ ఆమోదం పొందాక, ఉద్యోగం మారినా పాత తేదీ సాధారణంగా నిలుస్తుంది. పైలట్‌కు అదీ లేదు. కనుక ఏ సంస్థకు దరఖాస్తు చేయాలన్నది అతనికి దాదాపు జీవితకాలపు నిర్ణయం.

ఈ పద్ధతికి బలమైన సమర్థన ఉంది. 1931లో పైలట్ల సంఘం ఏర్పడిన నాటికి, వాతావరణం బాగాలేకున్నా విమానం నడపమని యాజమాన్యాలు ఒత్తిడి చేయడం వారి ప్రధాన ఫిర్యాదుల్లో ఒకటి. పదోన్నతి తేదీని బట్టి వస్తే, కాదన్నవాడిని వెనక్కి నెట్టడం కష్టం. అయితే వరుస ఎంత నిష్పక్షపాతమైనదైనా, అందులోకి ప్రవేశం దొరకనివాడికి అది అక్కరకు రాదు.

మార్లన్ గ్రీన్ ఎదుర్కొన్న చిక్కు ఇదే. వైమానికదళంలో మూడువేల గంటలకు పైగా విమానాలు నడిపిన ఈ నల్లజాతి పైలట్, 1957లో సైనికోద్యోగం వదిలి పలు సంస్థలకు దరఖాస్తు చేశాడు. డెన్వర్ కేంద్రంగా ఉన్న కాంటినెంటల్ దరఖాస్తులో జాతి గడిని ఖాళీగా వదిలేశాడు, ఫొటో జతచేయలేదు. సంస్థ పరీక్షకు పిలిచింది, ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. కొలరాడో రాష్ట్ర వివక్షనిరోధక కమిషన్ విచారణ జరిపి, నిరాకరణకు జాతి ఒక్కటే కారణమని నిర్ధారించింది. తర్వాతి శిక్షణ తరగతిలో ఆయనకు మొదటి అవకాశం ఇవ్వాలని ఆదేశించింది.

రాష్ట్రాల మధ్య వాణిజ్యంపై ఒక రాష్ట్రచట్టం భారం మోపరాదని సంస్థ వాదించింది. రాష్ట్ర న్యాయస్థానాలు అంగీకరించాయి. 1963 ఏప్రిల్ 22న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పును కొట్టివేసింది. రంగు కారణంగా అభ్యర్థిని తిరస్కరించమనే చట్టం ఏ రాష్ట్రంలోనూ చెల్లదు గనుక, పరస్పరవిరుద్ధ చట్టాల చిక్కే తలెత్తదని జస్టిస్ హ్యూగో బ్లాక్ రాసిన తీర్పు సారాంశం.

గ్రీన్ కాంటినెంటల్‌లో విధుల్లో చేరేసరికి 1965 వచ్చింది. అప్పటికే, 1964లో, డేవిడ్ హారిస్‌ను అమెరికన్ ఎయిర్‌లైన్స్ తీసుకుంది. తాను నల్లజాతివాడినని ఇంటర్వ్యూలో ఆయనే చెప్పాడు. 1960 నుంచి విమానసంస్థల పైలట్లకు 60 ఏళ్ళ వయోపరిమితి అమలులో ఉంది. 2007లో గాని అది 65 కాలేదు. రెండవ కొస ఇలా బిగించి ఉండగా, ఆరంభంలో పోయిన ఎనిమిదేళ్ళు చిన్న నష్టం కాదు.

1978లో నియంత్రణల తొలగింపు తర్వాత నిర్ణయంలో మరో అనిశ్చితి చేరింది. 1982లో బ్రానిఫ్, 1991లో ఈస్టర్న్, పాన్ యామ్ మూతపడ్డాయి. సంస్థతోపాటు దాని సీనియారిటీ జాబితా కూడా విలువ కోల్పోయింది. అందుకే నేటి అభ్యర్థి జీతంతోపాటు సంస్థ ఆర్థికబలాన్ని, పదవీవిరమణకు దగ్గరైన పైలట్ల సంఖ్యను, కాపురమున్న ఊరికి బేస్ ఎంత దూరమన్నదాన్ని బేరీజు వేస్తాడు. 1957లో గ్రీన్ ముందున్న ప్రశ్న వేరు: ఏ సంస్థ మేలైనదని కాదు, ఏ సంస్థ తీసుకుంటుందని. ఆయన గెలిచిన వ్యాజ్యం తర్వాతివారికి ఆ మొదటి ప్రశ్నను అడిగే అవకాశం కల్పించింది.