పోస్ట్ టెన్షన్ దూలాల మన్నిక: గ్రౌట్ నేర్పిన పాఠం

కాంక్రీటు నొక్కుడుకు గట్టిది, లాగుడుకు బలహీనం. మేలైన ఉక్కు తీగలను బిగలాగి దాన్ని ముందే నొక్కి ఉంచే పద్ధతికి ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ ఫ్రెస్సినే 1928లో పేటెంట్ పొందారు. దూలం గట్టిపడ్డాక లోపలి గొట్టాల్లోని కేబుళ్లను జాకీలతో లాగి, చివర్లు బిగించి, గొట్టాలను గ్రౌట్ అనే పలుచని సిమెంటు ముద్దతో నింపడమే పోస్ట్ టెన్షనింగ్. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటుకు భారత ప్రమాణం ఐఎస్ 1343, 1960లో వచ్చింది.

గ్రౌట్‌లోని క్షారం ఉక్కును కాపాడుతుంది కాబట్టి ఈ దూలాలకు తుప్పు భయం లేదని తొలితరం ఇంజనీర్లు నమ్మారు. అయితే గ్రౌట్‌లోంచి తేరిన నీరు కేబుల్ ఎత్తైన మలుపుల దగ్గర ఖాళీలు మిగిల్చేది. అతుకుల గుండా వాననీరు, ఉప్పు ఆ ఖాళీల్లోకి చేరేవి. బిగువులో ఉన్న తీగ తుప్పు పడితే పైకి ఏమీ కనిపించకుండానే తెగుతుంది. 1953లో కట్టిన వేల్స్‌లోని అనిస్ ఎ గ్వాస్ వంతెన 1985 డిసెంబరులో ఇలాగే కూలింది. గోవాలో 1970లో తెరిచిన మాండవి వంతెన, కేబుళ్లు తుప్పుపట్టి, 1986 జూలై 5న పడిపోయింది. గ్రౌట్ నింపే కొత్త పోస్ట్ టెన్షన్ వంతెనల నిర్మాణాన్ని బ్రిటన్ 1992 నుంచి కొన్నేళ్లు నిలిపివేసింది.

ఆ తర్వాత నీరు తేరని గ్రౌట్, ప్లాస్టిక్ గొట్టాలు, శూన్య పీడనంతో గ్రౌట్ ఎక్కించడం వాడుకలోకి వచ్చాయి. రాజమహేంద్రవరంలో 1997లో పూర్తయిన గోదావరి ఆర్చి వంతెనలో 97.55 మీటర్ల స్పాన్లు 28. వాటి ప్రీస్ట్రెస్డ్ బాక్స్ గర్డర్లు కమానులకు వేలాడుతాయి. హైదరాబాద్‌లో 2009లో ప్రారంభమైన 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేను ముందే పోసిన కాంక్రీటు ముక్కలను కేబుళ్లతో బిగించి కట్టారు.

దూలం మన్నిక పరిసరాలను బట్టి కూడా మారుతుంది. సముద్రానికి దూరమైన ఉక్కు పట్టణం భిలాయి వంటి చోట గాలిలో ఉప్పు బెడద లేదు. మండుటెండ, ఆపై ముసురు, పరిశ్రమల పొగ మాత్రం కాంక్రీటును పరీక్షిస్తాయి. ఆ ఊరి బ్లాస్ట్ ఫర్నేసుల స్లాగే ఉప్పుగాలిని ఎదిరించే సిమెంటుకు ముడిసరుకు. 50 శాతానికి మించని స్లాగ్ ఉన్న సిమెంటును ఐఎస్ 1343 ప్రమాణపు 1980 సవరణ ఈ దూలాలకు అనుమతించింది. అది ఉప్పు చొరబాటును తగ్గిస్తుంది. పోసిన కాంక్రీటును తడిపే రోజులు తగ్గితే మాత్రం ఆ మేలు దక్కదు.

సిమెంటు, ఉక్కు ఎంత మేలైనవైనా, గొట్టం పూర్తిగా నిండకపోతే దూలానికి ఆయుష్షు లేదు. గ్రౌట్ పనిని దగ్గరుండి తనిఖీ చేయడం, కట్టాక అతుకులనూ నీటి దారులనూ ఏటా చూడడం ఇంజనీర్ల తప్పనిసరి బాధ్యత.