పేదింటి వంటగది, ఆరోగ్యవరం మంచం: మదనపల్లె ప్రాంత క్రైస్తవ సేవలో కుటుంబం

పేదరికం గురించి, కుటుంబం గురించి కొత్త నిబంధన ఒక్క గొంతుతో మాట్లాడదు. రెండు కాసులు వేసిన విధవరాలిని యేసు మెచ్చుకున్నాడు. కొర్బాను (దేవునికి అర్పితం) అని పేరు చెప్పి తల్లిదండ్రుల పోషణ తప్పించుకునేవాళ్లను ఎండగట్టాడు. తన వెంట రాదలచినవాడు తల్లిదండ్రులను సైతం వదులుకోవాలన్నదీ ఆయనే. తిమోతికి రాసిన మొదటి పత్రికేమో ఇంటివారిని పోషించనివాణ్ని అవిశ్వాసి కన్నా చెడ్డవాడంటుంది. ఇందులో తెలుగు సంఘాలు దేన్ని పట్టుకున్నాయో ప్రసంగాల్లో వెతికితే దొరకదు. ఆస్పత్రి మంచం దగ్గర, కానుకల సంచి దగ్గర వెతకాలి.

ఆర్కాటు మిషన్‌కు చెందిన జేకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లెలో కేంద్రం తెరిచాడు. ఆయన బోధకుడే కాదు, వైద్యుడు కూడా. మందు, బోధ కలిసి నడిచే పద్ధతి ఈ సీమలో అప్పుడే మొదలైంది. దాని పెద్ద ఫలం క్షయ ఆస్పత్రి. పలు ప్రొటెస్టెంట్ మిషన్లు కలిసి 1912లో మొదలుపెట్టిన ఈ శానిటోరియం 1915లో ఊరి వెలుపల ఆరోగ్యవరానికి మారింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్-మొల్లర్ దాన్ని తీర్చిదిద్దాడు.

మందులేని ఆ రోజుల్లో వైద్యమంటే పొడిగాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, ఇంటికి దూరంగా నెలల తరబడి మంచం. సోమల వైపు పల్లెలో కూలికి పోయే ఇంటిని తలుచుకుంటే ఈ చికిత్స ఏమడిగిందో తెలుస్తుంది. ఒకే గది, ఒకే సంగటి కుండ, ఒకే చాప. దగ్గేవాడు పడుకుంటే కూలి పోతుంది. వాణ్ని ఆరోగ్యవరం పంపితే ఇంటికి ఆసరా పోతుంది. పంపకపోతే పిల్లలకు జబ్బు అంటుతుందని భయం. శానిటోరియం రోగిని ఆదుకుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ దయ వెనుక ఒక తీర్పు కూడా ఉంది: పేదవాడి ఇల్లు జబ్బుకు పుట్టిల్లు, బాగుపడాలంటే అది విడిచి రావాలి. ఇది మిషన్లు మాత్రమే ఇచ్చిన తీర్పు కాదు. నాటి వైద్యమంతా అలాగే అనుకుంది. అయినా కుటుంబాన్ని అంతగా కీర్తించే సంఘానికి పేద కుటుంబం మీద నమ్మకం ఇంత తక్కువగా ఉండటం గమనించవలసిన సంగతే.

ఆ తీర్పును కొట్టేసింది కూడా వైద్యమే. 1955-58 మధ్య జరిగిన జాతీయ క్షయ సర్వేకు మదనపల్లె ఒక కేంద్రం. పట్నాల జబ్బనుకున్నది పల్లెల్లోనూ దాదాపు అంతే ఉందని ఆ సర్వే తేల్చింది. ఇక అన్ని పల్లెలకూ మంచాలెక్కడివి? 1956లో మద్రాసులో పరీక్ష మొదలైంది. 193 మంది రోగుల్లో దాదాపు సగం మందిని శానిటోరియంలో, మిగతావారిని ఇళ్లలోనే ఉంచి ఐసోనియాజిడ్, పాస్ మందులు ఏడాది పాటు ఇచ్చారు. ఇరుకు గదుల్లో, చాలీచాలని తిండితో ఉన్నవాళ్లూ శానిటోరియంలో ఉన్నవాళ్లకు దాదాపు సమానంగా కోలుకున్నారు. రోగి ఇంట్లో ఉన్నందువల్ల కుటుంబానికి అదనంగా జబ్బు అంటలేదని తర్వాతి పరిశీలనలో తేలింది. నేరం ఇంటిది కాదన్నమాట.

ఈ పరీక్షకు చాలా ముందే, దోర్నకల్‌లో బిషప్ వి. ఎస్. అజరయ్య పేద కుటుంబాన్ని మరో కంటితో చూశారు. 1912లో బిషప్‌గా అభిషేకం పొందిన ఆయన, కూలీ కుటుంబాలు కూడా సంఘానికి ఇచ్చుకోవాలని గట్టిగా బోధించారు. తెలుగు సంఘాల్లో వేళ్లూనుకున్న పిడికెడు బియ్యం ఆచారం ఆ బోధకు సరిగ్గా అతికింది. ఎసట్లో పోసే ముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి పక్కన పెడుతుంది, ఆదివారం గుడికి తెస్తుంది. కడుపు నిండనివాళ్ల దగ్గర తీసుకోవడమేమిటని కోపం రావచ్చు, అది న్యాయమైన కోపమే. అయినా శానిటోరియం చూపులో లేనిది ఇక్కడ ఉంది. పేద ఇల్లు ఇక్కడ పుచ్చుకునేది మాత్రమే కాదు, ఇచ్చేది కూడా. ఆ ఇవ్వడం ఇల్లాలి చేతి మీదుగా జరిగింది. నా దృష్టిలో తెలుగు క్రైస్తవం పేదరికం గురించి చెప్పిన అసలు మాట ఈ గుప్పెట్లో ఉంది, దవాఖానా గోడల్లో కాదు.

అయితే ఆ గుప్పెడు తిరిగి ఏ వంటగదికి చేరుతోందన్న ప్రశ్న మిగిలింది. ఇంటికి తిండి అందితే ఏమవుతుందో క్షయ రోగుల కుటుంబాలపై జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అధ్యయనం చూపింది, దాని ఫలితాలు 2023లో వెలువడ్డాయి. రోగి కుటుంబంలో పెద్దవాళ్లు ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇస్తే ఇంటిల్లిపాదిలో కొత్తగా క్షయ వచ్చే అవకాశం 39 శాతం తగ్గింది. ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు ఇస్తోంది. అది రోగి ఒక్కరి లెక్కన వచ్చే సొమ్ము. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర కింద ఏ సంస్థ అయినా పేరు నమోదు చేసుకుని ఆహార బుట్టలు అందించవచ్చు. మదనపల్లె, పుంగనూరు, సోమల, కుప్పం సంఘాల పెద్దలు ఈ వచ్చే పంట కానుకల్లో ఒక వంతును క్షయ సోకిన ఇళ్లకు, రోగికే కాక ఇంటిల్లిపాదికీ సరిపడేలా, కులమతాలు చూడకుండా కేటాయించాలి.