కారుంటే దివ్యాంగ పింఛనుకు చిక్కే!
కుటుంబంలో ఎవరి పేరిట ఉన్నా అనర్హతే.. అమ్మిన బండి ఆర్‌సీ మార్చకున్నా ఇబ్బందే

జమ్మలమడుగు: నడవలేని వ్యక్తికి వాహనం విలాసం కాదు, అవసరం. జమ్మలమడుగు పరిసర గ్రామాల నుంచి వైద్య పరీక్షలకు ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికో, కడప సర్వజన ఆసుపత్రికో వెళ్లాలంటే బస్సు మెట్లు ఎక్కలేని దివ్యాంగులకు కారే దిక్కు. అయితే అదే కారు సామాజిక భద్రత పింఛనుకు అడ్డంకిగా మారుతోంది. నిబంధనలు తెలియక కుటుంబ సభ్యుల పేరిట పాత కారు కొనుగోలు చేసినవారు, అమ్మిన కారుకు యాజమాన్య మార్పిడి చేయించనివారు చిక్కుల్లో పడే అవకాశం ఉంది.

ఎంత పింఛను?
రాష్ట్రంలో 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్లు సదరం ధ్రువపత్రం పొందినవారు దివ్యాంగ పింఛనుకు అర్హులు. 2014 అక్టోబరులో 40 నుంచి 79 శాతం వైకల్యానికి రూ.1,000, 80 శాతం పైబడితే రూ.1,500 చెల్లించారు. 2019లో ఈ మొత్తం రూ.3,000కు చేరింది. 2024లో పథకానికి ఎన్టీఆర్ భరోసా అని పేరు మార్చి పింఛనును రూ.6,000కు పెంచారు. పూర్తిగా మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైన వారికి రూ.15,000 చొప్పున అందజేస్తున్నారు. 2025 ఆగస్టు 1న ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు జమ్మలమడుగు మండలం గూడెంచెరువుకు వచ్చి స్వయంగా పింఛన్లు పంపిణీ చేశారు.

నిబంధన ఏమిటి?
పింఛన్ల అర్హతలను నిర్దేశిస్తూ 2019 డిసెంబరు 13న ప్రభుత్వం జీవో 174 జారీ చేసింది. కుటుంబ నెలసరి ఆదాయం గ్రామాల్లో రూ.10 వేలు, పట్టణాల్లో రూ.12 వేలు మించరాదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాల లోపు ఉండాలి. నెలకు విద్యుత్ వినియోగం 300 యూనిట్లు దాటరాదు. కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ఆదాయ పన్ను చెల్లించేవారు గానీ ఉండరాదు. వీటితో పాటు నాలుగు చక్రాల వాహనం ఉండరాదన్నది మరో షరతు. బతుకుతెరువుకు వాడుకొనే టాక్సీ, ఆటో, ట్రాక్టరులకు మినహాయింపు ఇచ్చారు. సొంత అవసరాలకు వాడే కారుకు ఆ వెసులుబాటు లేదు.

ఇక్కడ గమనించవలసింది ‘కుటుంబం’ అనే మాట. కారు దివ్యాంగుని పేరిట లేకున్నా, సచివాలయ రికార్డుల్లో అదే కుటుంబంగా నమోదైన కుమారుడి పేరిటో, సోదరుడి పేరిటో ఉంటే అనర్హత వర్తిస్తుంది. కారు విలువ ఎంత, ఎన్నేళ్ల నాటిది అన్న విచక్షణ నిబంధనలో లేదు. ఏడాదికి పింఛను రూ.72 వేలు. చేతులు మారిన పాత కారు ధర కొన్ని సందర్భాల్లో రెండేళ్ల పింఛను మొత్తానికి మించదు. దానికోసం జీవితకాల ఆసరాను వదులుకోవలసి రావడం దివ్యాంగులకు భారమే.

ఒక చేత్తో రాయితీ..
దివ్యాంగులు కారు కొనుక్కొనేందుకు కేంద్రం ఏళ్ల తరబడి ప్రోత్సాహం ఇచ్చింది. 40 శాతం, అంతకు మించి శారీరక వైకల్యం ఉన్నవారు నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న కారు కొంటే 28 శాతానికి బదులు 18 శాతం జీఎస్టీ వసూలు చేసేవారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లన్నింటికీ 18 శాతమే అమల్లోకి వచ్చింది. 2020 అక్టోబరులో కేంద్ర మోటారు వాహన నిబంధనలను సవరించి, రిజిస్ట్రేషన్ దరఖాస్తులో ‘దివ్యాంగజన్’ అనే యాజమాన్య వర్గాన్ని చేర్చారు. కేంద్రం రాయితీతో గుర్తించిన అవసరమే పింఛను లెక్కల్లో సంపన్నతకు గుర్తుగా మారింది.

విదేశాల్లో తీరు భిన్నం. అమెరికాలో పేద దివ్యాంగులకు ఇచ్చే సహాయానికి ఆస్తులు లెక్కించేటప్పుడు రాకపోకలకు వాడే ఒక వాహనాన్ని మినహాయిస్తారు. బ్రిటన్‌లో 1977లో ఏర్పడిన మోటబిలిటీ సంస్థ ద్వారా, కదలికల కోసం ఇచ్చే భృతినే అద్దెగా చెల్లించి కారు పొందవచ్చు.

అమ్మినా మీ పేరే!
పింఛను పరిశీలనలో రవాణా శాఖ వివరాలను సరిచూస్తారు. కారు ఎప్పుడో అమ్మేసినా ఆర్‌సీలో పేరు మారకపోతే పాత యజమానిదిగానే చూపుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం రాష్ట్రంలోనే అమ్మినప్పుడు 14 రోజుల్లోగా, ఇతర రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లోగా అమ్మినవారు తెలియజేయాలి. ఫారం 29, 30లపై సంతకాలు పూర్తి చేసి, పేరు మారిందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. బంధువులు, మిత్రులు తమ పేరిట వాహనం కొంటామని ఆధార్ అడిగితే దివ్యాంగ కుటుంబాలు సమ్మతించకపోవడమే మేలు.

పింఛను ఆగితే..
ముందుగా గ్రామ, వార్డు సచివాలయంలో కారణం తెలుసుకోవాలి. వాహనం అమ్మి ఉంటే మార్పు జరిగిన ఆర్‌సీ వివరాలు, టాక్సీ అయితే రవాణా వాహనంగా నమోదైన పత్రం జతచేసి అర్జీ ఇవ్వాలి. గ్రామాల్లో ఎంపీడీవో, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌ను సంప్రదించాలి. అక్కడ పరిష్కారం కాకుంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో విన్నవించుకోవచ్చు. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు తప్పక తీసుకోవాలి.

వైకల్య శాతంపై 2025లో జరిగిన పునఃపరిశీలన, నోటీసులు వేరు. వాహన నిబంధన వేరు. నోటీసులో ఏ కారణం రాశారో చదివించుకొని, దానికి తగిన పత్రాలే సమర్పించాలి.

మూడు చక్రాల మోటారు వాహనాలు ఈ నిబంధన పరిధిలోకి రావు. అందువల్ల పింఛను పొందుతూనే వాటిని నిశ్చింతగా వాడుకోవచ్చు. కారు కొనదలచినవారు మాత్రం ముందుగా సచివాలయంలో తాజా నిబంధనలు అడిగి తెలుసుకున్న తర్వాతే బయానా ఇవ్వడం శ్రేయస్కరం.