లడ్డు ఎన్ని తులాలు?

హైదరాబాదు శివార్లలో మీర్‌పేట్ పక్కనే బాలాపూర్. వినాయక నిమజ్జనం నాడు అక్కడ జరిగే లడ్డు వేలం పాట 1994లో 450 రూపాయలతో మొదలై, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు చేరింది. ఆ ధర అందరికీ కంఠతా వచ్చు. లడ్డు బరువు 21 కిలోలన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నాకు ఆసక్తి ఆ బరువు మీదే. పాత లెక్కలో వేస్తే మద్రాసు వీశెల్లో పదిహేను, ఎనభై తులాల సేర్లలో ఇరవై రెండున్నర, తులాల్లో 1,800. ఇంత పొందికగా కుదరడం కాకతాళీయమే. ఒక్క లడ్డు బరువుకు ఇన్ని పేర్లు ఎక్కడివి?

మనవాళ్లు తూచింది తక్కువ, కొలిచింది ఎక్కువ. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. అంటే పుట్టికి 5,120 గిద్దలు! కాలిక్యులేటర్ లేని రోజుల్లో రైతు ఈ లెక్కను నోటితోనే చేసేవాడు. కళ్లంలో మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని, తర్వాత ‘రెండు’ అనేవాడు. అయితే ఇవన్నీ పాత్రలో పట్టే పరిమాణాలే. మానెడు బియ్యం, మానెడు అటుకులు కొలతకు సమానమే కానీ తరాజులో పెడితే పొంతనే ఉండదు. పైగా తలకొట్టి కొలవాలా, పోగు పెట్టి కొలవాలా అన్న పేచీ ఒకటి. కుంచం కూడా అన్ని ఊళ్లలో ఒకటి కాదు.

తూకం ఖరీదైన సరుకుల వ్యవహారం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో తూనికలు, కొలతలు చూసేందుకు పౌతవాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం గంధం, కర్పూరం, ముత్యాల వంటి సరుకులకు సుంకాలు రాసిపెట్టింది. సముద్రం దాటి వచ్చిన వర్తకుడికి తూకం మీద నమ్మకం లేకపోతే రేవుకు ఓడే రాదు మరి. మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన కవి అయ్యుండీ లెక్కలు పట్టుకున్నాడు. ధాన్యానికి, బంగారానికి, వెండికి వేర్వేరు మానాలున్న కాలం అది.

గోల్కొండకు వస్తే తూనికరాళ్లే గింజలు. తొంభై ఆరు గురిగింజల ఎత్తు ఒక తులం. 17వ శతాబ్దంలో ఇక్కడి వజ్రాల గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె, వజ్రాలను ‘మాంజెలిన్’లలో తూస్తారని రాశాడు. అదీ ఒక గింజ పేరే. గోల్కొండ మాంజెలిన్ వేరు, మరోచోటి మాంజెలిన్ వేరు. తేడా తెలిసినవాడికి లాభం, తెలియనివాడికి నష్టం. క్యారెట్‌ను 200 మిల్లీగ్రాములుగా స్థిరపరచడానికి ప్రపంచానికి 1907 దాకా పట్టింది.

ఇంగ్లీషువాళ్లు తులాన్ని 180 గ్రెయిన్లన్నారు. ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. అయినా మద్రాసు మణుగు పదకొండు కిలోల చిల్లరైతే, బెంగాల్ మణుగు ముప్పై ఏడు కిలోల పైమాటే. 1956 నవంబరు 1న ఆంధ్ర, తెలంగాణ ఒక రాష్ట్రమయ్యాయి. రెండు నెలలు తిరక్కుండానే, డిసెంబరు 28న తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. మెట్రిక్ బాట్లు 1958 అక్టోబరు నుంచి అడుగుపెట్టి, 1962 ఏప్రిల్ నాటికి తప్పనిసరయ్యాయి. వీశె, సేరు చట్టం దృష్టిలో చెల్లని నాణేలయ్యాయి.

ఇంతకీ కిలో అంటే బరువు కాదు, ద్రవ్యరాశి. పదార్థం ఎంత ఉందో చెప్పేది ద్రవ్యరాశి, భూమి దాన్ని ఎంత బలంతో లాగుతోందో చెప్పేది బరువు. చంద్రుడి మీద లడ్డు బరువు ఆరో వంతే, ద్రవ్యరాశి మాత్రం అదే 21 కిలోలు. రెండు తట్టల తరాజు ఒకవైపు సరుకును, మరోవైపు బాట్లను భూమి చేత లాగించి పోలుస్తుంది గనుక ఎక్కడైనా ఒకే మాట చెబుతుంది. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లోని ఎలక్ట్రానిక్ కాంటా అలా కాదు, అది నొక్కుడును కొలుస్తుంది. గురుత్వం హైదరాబాదులో కంటే పారిస్‌లో కాస్త ఎక్కువ. అక్కడ సరిచేసిన కాంటాను ఇక్కడికి తెచ్చి అలాగే వాడితే కిలోకు రెండున్నర గ్రాములకు పైగా తక్కువ చూపిస్తుంది. అందుకే వాడేచోటనే ప్రమాణపు బాట్లతో సరిచూడాలి. ఆ ప్రమాణాలన్నిటికీ మూలమైన ప్లాటినం-ఇరిడియం దిమ్మె 1889 నుంచి పారిస్ దగ్గరి సెవ్ర్‌లో ఉంది, దాని 57వ నంబరు నకలు ఢిల్లీలో. 2019 మే 20 నుంచి దిమ్మెను పక్కనపెట్టి, కిలోను ప్లాంక్ స్థిరాంకంతో నిర్వచిస్తున్నారు. బజారులో ఎవరికీ ఆ రోజు ఏమీ తేడా తెలియలేదు.

చట్టానికి లొంగనిది మాత్రం తులం. వీశె పోయింది, సేరు పాతకాలపు మాటలోకి జారింది, తులం నగల దుకాణంలో రాజ్యమేలుతూనే ఉంది. కాకపోతే ఒళ్లు తగ్గించుకుని పది గ్రాములైంది. పాత పేరుకు కొత్త తూకం తొడిగి, 1.66 గ్రాములను ఎవరూ అడగకుండా వదిలేశాం. పెళ్లిమాటల్లో పది తులాలన్నప్పుడు అమ్మమ్మ లెక్కకూ ఇప్పటి లెక్కకూ తేడా తులంన్నర పైనే.

బాలాపూర్ లడ్డు 2024లో తులం ఎంత పడిందని అడిగితే, నగల దుకాణం తులంలో 1,429 రూపాయలు. అమ్మమ్మ తులంలో 1,667.