చెప్పకూడని మాట

2019 అక్టోబర్ 20, ఆదివారం రాత్రి. డాలస్‌లో మా ఇంట్లో ఫోన్లన్నీ మోగాయి: టోర్నడో. కిటికీల్లేని బట్టల గదిలో అందరం ముడుచుకుని కూచున్నాం. మర్నాటి నుంచీ ఒకటే ప్రశ్న: ఈ హెచ్చరికల కథ ఎక్కడ మొదలైంది?

విచిత్రమేంటంటే, పంతొమ్మిదో శతాబ్దం చివర్నుంచి దశాబ్దాల పాటు అమెరికా వాతావరణ శాఖ తన సూచనల్లో 'టోర్నడో' అన్న మాటే రానివ్వలేదు. జనం బెదిరిపోతారట! 1948 మార్చి 25న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరంలో ఫాబుష్, మిల్లర్ అనే ఇద్దరు అధికారులు తెగించి ముందే చెప్పారు. సాయంత్రానికి అది వచ్చేసింది కూడా. 1953లో మా టెక్సస్‌లోనే, వేకోలో, 114 మంది పోయారు. 1965 ఏప్రిల్ 11 నాటి 'పామ్ సండే' విలయం తర్వాత చేసిన ఏర్పాట్లలోంచి స్కైవార్న్ పుట్టింది. శిక్షణ పొందిన వాలంటీర్లు ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉంటారు. వాళ్ళలో చాలామంది హామ్ రేడియోవాళ్ళు.

రాడార్ ఉండగా వీళ్ళెందుకు అనుకున్నాను, ఇంజనీరు బుద్ధి కదా. రాడార్ కిరణం దాదాపు తిన్నగా పోతుంది, భూమేమో వంగి ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ నేల దగ్గర జరిగేది దానికి అందదు. మేఘం అడుగు తిరుగుతోందా, సుడి నేలను తాకిందా అన్నది మనిషే చూసి చెప్పాలి. సెల్ టవర్లు కూలినా, కారు బ్యాటరీ మీద హామ్ సెట్టు పలుకుతుంది.

జనానికి చెప్పకూడదనుకున్న మాటను ఇప్పుడు జనమే మోసుకొస్తున్నారు. ఆ రాత్రి డాలస్ టోర్నడోలో ఒక్క ప్రాణమూ పోలేదు. మా బట్టల గదిలో ఇప్పుడు టార్చిలైటు, నీళ్ళసీసాలు, బ్యాటరీ రేడియో ఉంటున్నాయి.