నలుగురి ముందు నమ్మకం

మతం మారటం మనసుకు సంబంధించిన వ్యవహారం అంటారు మతగురువులు. అదే నిజమైతే దానికి వేదిక ఎందుకు, సాక్షులు ఎందుకు, చూడటానికి జనం ఎందుకు? కాథలిక్ మతంలో చేరాలనుకునేవాళ్ళలో కొందరికి దేవుణ్ణి నమ్మటం దగ్గర రాని ఇబ్బంది, నలుగురి ముందు నిలబడే తంతు దగ్గర వస్తుంది. నేను ఏ మతానికీ చెందినవాణ్ణి కాను. అయినా ఈ బెరుకు చరిత్ర నాకు ఆసక్తిగా ఉంటుంది. మతం మనిషి నుంచి అసలు ఏం కోరుతుందో అక్కడే బయటపడుతుంది.

నాలుగో శతాబ్దపు రోమ్ నగరంలో మారియస్ విక్టోరినస్ అనే పండితుడుండేవాడు. వక్తృత్వం నేర్పటంలో ఎంత పేరంటే, ట్రాజన్ చక్రవర్తి కట్టించిన కూడలిలో ఆయన విగ్రహం పెట్టారు. ముసలితనంలో బైబిలు చదివి, నేను లోపల క్రైస్తవుణ్ణే అని మిత్రుడు సింప్లిషియానస్‌కి రహస్యంగా చెప్పాడు. చర్చిలో చూసేదాకా నమ్మను అన్నాడు మిత్రుడు. అయితే క్రైస్తవుణ్ణి తయారుచేసేది గోడలా అని విక్టోరినస్ నవ్వేవాడట. ఈ మాటామాటా చాలాసార్లు నడిచింది. ఈ కథ సింప్లిషియానస్ నోటే విని రాసిన అగస్టీన్, విక్టోరినస్ వెనకాడటానికి కారణం కూడా దాచలేదు. పాత దేవుళ్ళను కొలిచే గొప్పింటి స్నేహితులకు కోపం వస్తుందని ఆయన భయం.

చివరికి సుమారు 355లో ఆయన బాప్తిస్మానికి సిద్ధపడ్డాడు. రోమ్‌లో అప్పటి ఆచారం ప్రకారం విశ్వాస ప్రమాణాన్ని కంఠతా పట్టి, ఎత్తైన చోట నిలబడి, సభ మొత్తం వినేలా చెప్పాలి. చర్చి పెద్దలు ఆయనకు ఒక వెసులుబాటు చూపారు: కావాలంటే చాటుగా చెప్పవచ్చు. బిడియపడేవాళ్ళకు అలా అవకాశమివ్వటం మామూలేనని అగస్టీన్ రాశాడు. అంటే ఈ బెరుకు పదహారు వందల ఏళ్ళ కిందే ఎంత సాధారణమంటే, దానికి ఒక మినహాయింపు ఏర్పాటయింది! విక్టోరినస్ మాత్రం అది వద్దని అందరి ముందే చెప్పాడు.

ఆ కాలపు తంతు తేలికైంది కాదు. నెలల తరబడి శిక్షణ, దయ్యాలను వెళ్ళగొట్టే ప్రార్థనలు. జెరూసలేంలో పడమటి దిక్కుకు తిరిగి సైతానును వదిలేస్తున్నానని చెప్పి, బట్టలు విప్పి నీళ్ళలో దిగాలి. తరవాత పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వటం మామూలైపోయి పెద్దవాళ్ళ తంతు కుదించుకుపోయింది. 1845 అక్టోబర్ 9న ఇంగ్లండులో జాన్ హెన్రీ న్యూమన్ కాథలిక్కుగా మారింది లిటిల్‌మోర్‌లో తాను ఉంటున్న చోటే. ఆయనకు బాప్తిస్మం ముందే అయింది కాబట్టి కొంత తేడా ఉంది, అది ఒప్పుకోవాలి. కానీ ఆ రోజుల్లో ఇంగ్లండులో అంతగా చర్చ జరిగిన మతమార్పిడి నాలుగు గోడల మధ్య జరిగిపోయింది. రెండో వాటికన్ సభ తరవాత 1972లో పాత దశలవారీ విధిని సభ మధ్య జరిగేలా పునరుద్ధరించారు. తంతు పెరగటం, తరగటం మనుషులు నిర్ణయించుకున్నవేనని ఈ చరిత్రే చెబుతోంది.

ఇక మన దేశానికి వద్దాం. పాత రోమన్ విధిలో బాప్తిస్మం ఇచ్చే గురువు తన ఉమ్మిని ఎదుటివారి చెవులకు, ముక్కుకు తాకించేవాడు. ఎంగిలి అంటే ఏమిటో తెలిసిన మనకు ఇంకేం వివరించాలి! 1606లో మదురై చేరిన రాబర్టో డి నోబిలీ దారిలో నడిచిన జెసూట్లు ఈ ఉమ్మి తంతును వదిలేశారు. పోప్ ప్రతినిధి టూర్నన్ 1704లో పుదుచ్చేరిలో అది తప్పనిసరి అని ఆజ్ఞ ఇచ్చాడు. పుదుచ్చేరి నుంచే ఫ్రెంచి జెసూట్లు పుంగనూరు వైపు తెలుగు నేలకూ వస్తున్న రోజులవి. దశాబ్దాలు గొడవ సాగి, 1744లో పద్నాలుగో బెనెడిక్ట్ పోప్ తుది తీర్పు చెప్పాడు. ఉమ్మి విషయంలో కొన్నేళ్ళ సడలింపు మాత్రం ఇచ్చాడు. ఇప్పటి విధిలో వేలితో తాకటమే, ఉమ్మి లేదు.

ఈ జుగుప్స అంతా అమాయకమైనది అనుకోకండి. జబ్బుపడిన దళిత క్రైస్తవుల ఇళ్ళకు గురువులు వెళ్ళాలని కూడా టూర్నన్ ఆజ్ఞలో ఉంది. దాన్నీ అడ్డుకున్నారు. చివరికి జెసూట్లు చూపిన పరిష్కారం దళితులకు వేరే గురువులను పెట్టటం! ఉమ్మి మీద అసహ్యం, మనిషి మీద అసహ్యం ఒకే జాబితాలో చేరాయి. పైకి సిగ్గులా కనబడేదాని వెనక కులం కూర్చుంది.

అది ఇప్పటికీ లేవలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటివారు బీసీ-సీ కిందకు వస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. గుడిసె మారదు, వివక్ష మారదు, సర్టిఫికెట్ మారుతుంది. అలాంటప్పుడు చర్చి రిజిస్టరులో పేరు రాయించుకోవటానికి ఒకడు జంకితే అది విశ్వాసం చాలక అందామా?

ఇంకోవైపు ప్రభుత్వాలు కొత్త వేదికలు కట్టాయి. ఉత్తరప్రదేశ్ 2021 చట్టం ప్రకారం మతం మారదలచినవారు అరవై రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తెలపాలి. మారాక ఇచ్చే ప్రకటనను నోటీసు బోర్డు మీద పెడతారు. హిమాచల్‌ప్రదేశ్‌లో ముందస్తు నోటీసు నిబంధనను అక్కడి హైకోర్టు 2012లో కొట్టేసింది. తన నమ్మకాన్ని బయటపెట్టకుండా ఉండే హక్కు మనిషికి ఉందన్నది ఆ తీర్పు సారం. 2019లో కొత్త చట్టంతో అదే నిబంధన మళ్ళీ వచ్చింది.

మన సమావేశాల్లోనూ సింప్లిషియానస్‌లు ఉన్నారు. ఇంట్లో నాస్తికుడై, అమ్మ కోసం సత్యనారాయణ వ్రతం పీట మీద కూర్చున్నవాడు హేతువాదేనా అని నిలదీస్తారు. ఆ ప్రశ్న అనవసరం అనను. బహిరంగంగా చెప్పే ధైర్యానికి విలువుంది, సంఘాలు నిలిచేది దానివల్లే. కానీ ధైర్యాన్ని మెచ్చుకోవటం వేరు, దాన్ని షరతుగా పెట్టటం వేరు. విక్టోరినస్‌కు చాటుగా చెప్పే దారి ఉంది కాబట్టే ఆయన బహిరంగంగా చెప్పటానికి అర్థం వచ్చింది. చర్చి పెద్దలు ఆనాడు ఇవ్వగలిగిన ఆ పాటి వెసులుబాటును ఒక ప్రజాస్వామ్య రాజ్యం తన పౌరుడికి ఇవ్వలేదా?