బ్లైత్‌డేల్ రొమాన్స్‌లోని అదృశ్యాలు – బ్రూక్ ఫార్మ్ చరిత్ర

నథానియల్ హాథార్న్ 1852లో వెలువరించిన 'బ్లైత్‌డేల్ రొమాన్స్'లో ముసుగుధారిణి అయిన ఒక అజ్ఞాతస్త్రీ వేదికపై కనిపించి మాయమవుతుంది. ప్రిసిల్లా ఎక్కడినుండి వచ్చిందో, నడుమ ఎక్కడికి పోయిందో చాలాసేపు తెలియదు. జెనోబియా అర్ధరాత్రి నదిలో శవమై లభిస్తుంది. ఈ రహస్యాలకు నెలవైన సమష్టి జీవనక్షేత్రానికి మూలం బ్రూక్ ఫార్మ్. అది తన కల్పనకు రంగస్థలం మాత్రమేనని రచయిత పీఠికలో చెప్పుకొన్నాడు. ఆ మాటను యథాతథంగా స్వీకరించడం కష్టం.

జార్జ్ రిప్లీ 1841లో బోస్టన్ సమీపాన వెస్ట్ రాక్స్‌బరీలో నెలకొల్పిన ఈ సమాజం ఏకాంతవాసం కాదు. సందర్శకుల తాకిడి ఎక్కువ. దాని ప్రధాన ఆదాయం పాఠశాల నుండి వచ్చేది. కథకు ఆ పాఠశాల పనికిరాలేదు. వివాహానంతరం కాపురానికి చోటు దొరుకుతుందన్న ఆశతో హాథార్న్ 500 డాలర్ల వాటాలు రెండు కొని, ఏప్రిల్‌లో చేరి, పేడ ఎత్తి, ఆ ఏడాదే వెళ్లిపోయాడు. సొమ్ము రాబట్టుకోవడానికి 1845లో దావా వేశాడు. 1846 మార్చి 3న, నిర్మాణంలో ఉన్న ప్రధాన భవనం బీమా లేకుండానే దగ్ధమైంది. మరుసటి ఏడాదికి సమాజం ముగిసింది. అప్పులూ అగ్నిప్రమాదమూ కూల్చిన ప్రయత్నాన్ని నవల వ్యక్తుల గుప్తచరిత్రలు కూల్చినట్లు మార్చింది. వాటాదారుడిగా నష్టపోయినవాడు ఇలా మార్చడం గమనార్హం.

జెనోబియాలో మార్గరెట్ ఫుల్లర్‌ను చూడడం విమర్శకులకు పరిపాటి. ఫుల్లర్ 1850లో ఓడప్రమాదంలో మరణించింది, దేహం దొరకలేదు. అయితే ఆమె బ్రూక్ ఫార్మ్‌కు అతిథే గాని నివాసి కాదు. పైగా నవలలో ఆమె పేరు విడిగానే వస్తుంది. జెనోబియా మరణదృశ్యానికి ఆధారం వేరు.

1845 జులై 9న కాంకర్డ్ నదిలో పందొమ్మిదేళ్ల ఉపాధ్యాయిని ఒకామె మునిగి మరణించింది. బ్రూక్ ఫార్మ్‌తో ఆ మరణానికి సంబంధం లేదు. అది హాథార్న్ మూడవ వివాహవార్షికోత్సవ దినం. ఆ రాత్రి అతడు ఎలరీ చానింగ్‌తో పడవలో వెళ్లి వెదకినవారిలో ఉన్నాడు. ఆ పడవ ఒకప్పుడు థోరోది. బిగుసుకుపోయిన ఆ దేహాన్ని దినచర్యలో వివరంగా నమోదు చేసుకొన్నాడు. ఏడేళ్ల తర్వాత ఆ వివరాలే జెనోబియాకు సంక్రమించాయి. కథకుడు కవర్‌డేల్ ఆమె వంగిన మోకాళ్లను చూసి ప్రార్థన అనుకొంటాడు. బిగిసిన పిడికిళ్లను చూసి ధిక్కారమని భయపడతాడు.